చాయ్ తాగరాదూ!

మిర్యాలగూడ నుంచి ఓ కుర్ర పాఠకుడు ఉత్తరం రాశాడు. ‘మనీ హైస్ట్’ (2017-21) చూసి స్పానిష్ మీద మోజు పడ్డాడట. “‘అయూదో’ అంటే సాయం చేస్తాను. బాగానే ఉంది సార్! కానీ ‘సాయం చెయ్యమంటావా?’ అనాలంటే ‘క్యెరెస్ కె తె అయూదె?’ అనాలట. ‘దో’ కాస్తా ‘దె’ ఎందుకయింది?” అని నిలదీశాడు.

దాన్ని సబ్జంక్టివ్ అంటారులే అబ్బాయీ. చేసే పని వేరు, ఎదుటివాళ్ళు ఊఁ అంటేనే చేసే పని వేరు. రెండోదానికి వాళ్ళు క్రియ వేషం మారుస్తారు. మనం మాత్రం తక్కువ తిన్నామా? “చెయ్యమంటావా?” అంటే “చెయ్యి అని నువ్వు అంటావా?” అనేగా! సాయం మనది, ఆజ్ఞ మాత్రం వాళ్ళ నోట పెడతాం. “రమ్మని చెప్పండి” అన్నా అంతే. అక్కడ స్పానిష్ వాడు “దీగలె కె వెంగ” అంటాడు. అదీ సబ్జంక్టివే.

అసలు చిక్కు మన దగ్గరే ఉంది. ఒకసారి తెనాలి మిత్రుడొకణ్ణి వెంటబెట్టుకుని విజయవాడ నుంచి సూర్యాపేట బయల్దేరాను. డబ్బింగ్ సినిమాలకు మాటలు రాస్తాడు, తెలుగంతా తన జేబులోనే ఉందని ధీమా. కోదాడలో దిగి టిఫిన్ చేశాం. “ఇంకో రెండిడ్లీ తెమ్మంటారా?” అన్నాడు సర్వరు. పక్క బల్ల దగ్గర ఇంకో కుర్రాడు “తేవాల్నా సార్?” అంటున్నాడు. సరిహద్దు ఊరు కదా, రెండూ వినబడతాయి. మావాడికి రెండూ అర్థమయ్యాయి.

సూర్యాపేటలో నా స్నేహితుడి ఇంటికెళ్ళాం. వాళ్ళమ్మ కప్పు ముందు పెట్టి “చాయ్ తాగరాదు బిడ్డా” అంది. మావాడు పట్టుకున్న కప్పు ఠక్కున కింద పెట్టేశాడు! పాపం, వాడికి తెలిసిన ‘రాదు’ సినిమా హాల్లో “పొగ త్రాగరాదు” అన్నదే. వేడిగా ఉందనో, ఈగ పడిందనో అనుకున్నాడట. ఆవిడ మొహం చిన్నబోయింది. కాసేపాగి, మెల్లగా “మా ఇంట్ల తాగవా బిడ్డా?” అంది.

ఆ ప్రశ్న వెనక ఎన్ని ఇళ్ళల్లో ఎన్ని కప్పులు ముట్టకుండా మిగిలాయో! నాకు చెమటలు పట్టాయి. గబగబా అసలు సంగతి చెప్పాను. మావాడు సిగ్గుపడి రెండు కప్పులు తాగాడు. మూడోది నేను వద్దన్నా వినలేదు.

తప్పు వాడొక్కడిదే అనను. ఏళ్ళ తరబడి మన సినిమాల్లో ఆ యాస రౌడీకో హాస్యగాడికో తప్ప దక్కలేదు. ‘ఫిదా’ (2017) నాయిక ఇంటి మాటే మాట్లాడింది, ‘బలగం’ (2023)లో ఊరు ఊరంతా మాట్లాడింది. ఇలాంటివి ముందే వచ్చుంటే మావాడికి ఆ ‘రాదు’ తెలిసుండేది.

అన్నట్టు మిర్యాలగూడ బాబూ, నీ “కూసోరాదు”ని స్పానిష్‌లో “పోర్ కె నొ తె స్యెంతాస్?” అనొచ్చు. ఎందుకు కూచోవు అని అడగడమన్నమాట. ఇక్కడ సబ్జంక్టివ్ లేదు, బతికిపోయావు!