‘మాకు ఇంగ్లిష్ రాదు మేడమ్’ అనే అమ్మానాన్నలకు



కిందటి పీటీఎంలో మా నాలుగో తరగతి పాప వాళ్లమ్మగారు నా టేబుల్ ముందు కూర్చుని ఫోన్ తీసి ఒక యాప్ చూపించారు. పిల్లలకి ఇంట్లోనే ఇంగ్లిష్ నేర్పే యాప్ అట. ఏడాదికి కొన్ని వేలు. ఒకబ్బాయి బైక్ మీద ఇంటికొచ్చి, పాప చేత నాలుగు బొమ్మలు నొక్కించి, చప్పట్ల సౌండ్ వినిపించి వెళ్లాడట. ‘ఇవాళ కడితే డిస్కౌంట్’ అన్నాడట. ‘కట్టమంటారా మేడమ్? మాకేమో ఇంగ్లిష్ రాదు. ఇంట్లో చెప్పేవాళ్లు లేరు’ అని అడిగారు. ఆ ఇంట్లో మిరప పంట డబ్బులు ఇంకా చేతికి రాలేదు. మా టర్మ్ ఫీజు కూడా బాకీ ఉంది. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

నేను వెంటనే జవాబు చెప్పలేదు. పాపని పిలిచి ఇంగ్లిష్ రీడర్ తీసి ఒక పేరా చదవమన్నాను. తడుముకోకుండా చదివింది. వాళ్లమ్మ ముఖం వెలిగిపోయింది. పుస్తకం మూసేసి, ‘ఇప్పుడు చదివిన దాంట్లో ఏం జరిగిందమ్మా?’ అని ఇంగ్లిష్‌లో అడిగాను. మాట లేదు. తెలుగులో అడిగాను. అప్పుడూ మాట లేదు. పాప వాళ్లమ్మ వైపు చూసింది, వాళ్లమ్మ నా వైపు చూశారు. ఆ పాప ప్రోగ్రెస్ కార్డులో ఇంగ్లిష్ ఎదురుగా ఉన్న ఏ1 గ్రేడు నా చేతిరాతే.

అందుకని ఈ నెల ఈ పేజీలో నా తప్పు ఒకటి ఒప్పుకుని మొదలుపెడతాను. ఈ ఉద్యోగంలో చేరిన మొదటి రెండేళ్లూ ప్రతి పీటీఎంలో నేను మీకు చెప్పిన మాట ఒకటుంది: ‘ఇంట్లో కూడా ఇంగ్లిష్‌లోనే మాట్లాడండి.’ చాలామంది నా మాట విన్నారు. ‘కమ్, ఈట్, సిట్, డోంట్ డూ’ అని మాట్లాడటం మొదలుపెట్టారు. అంతకుమించి ఇంగ్లిష్ రాదు కాబట్టి మిగతా మాటలు ఆపేశారు. అన్నం పెడుతూ చెప్పే కబుర్లు, నాయనమ్మ చెప్పే కథ, పొలం నుంచి వచ్చాక నాన్న చెప్పే ఊసులు తగ్గిపోయాయి. పిల్లలకి ఇంగ్లిష్ పెరగలేదు, ఇంట్లో వినే తెలుగు మాత్రం తగ్గింది. ఆ సలహా ఇచ్చినందుకు ఇప్పుడు నాకు సిగ్గుగా ఉంది.

‘మేం ఫీజు కట్టేదే ఇంగ్లిష్ కోసం కదా మేడమ్, మీరు తెలుగు అంటారేంటి’ అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. నేను పదో తరగతి వరకు తెలుగు మీడియం. బీఈడీ అయ్యాక ఇంగ్లిష్ మీడియం పాఠాలు చెబుతున్నాను. నాకు అర్థమైంది చెబుతాను. తెలుగులో గుణింతాలు, వత్తులు వచ్చిన పిల్లలు ఏ మాటనైనా చదవగలరు, రాసినట్టే పలుకుతాం కాబట్టి. ఇంగ్లిష్ అలా కాదు. ‘నైఫ్’ అనే మాట కె అక్షరంతో మొదలవుతుంది, ఆ కె పలకదు. మాట ముందే తెలిసి ఉంటే తప్ప స్పెల్లింగ్ చూసి పట్టుకోవడం కష్టం. ‘అక్షరాల వెనక ఒక కథ ఉంటుంది, అది నాకు అర్థం కావాలి’ అనే అలవాటు మొదట తెలుగులో పడితే పిల్లలు దాన్ని ఇంగ్లిష్‌లోకి కూడా తీసుకెళ్తారు. ఆ అలవాటు లేకుండా నేరుగా ఇంగ్లిష్ బట్టీ పడితే మా నాలుగో తరగతి పాపలాగే అవుతుంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైనంతవరకు కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో చదువు ఉండాలని చెప్పింది. మనం ఇంగ్లిష్ మీడియం ఎంచుకున్నాం, అది వేరే సంగతి. మరి ఇంట్లో అయినా ఆ భాష ఉండాలి కదా.

ఇక యాప్ సంగతికి వస్తాను. ఆ అమ్మగారికి ‘కట్టకండి’ అని చెప్పి, బదులుగా ఏం చేయాలో అక్కడే ఫోన్‌లో చూపించాను. అదే మీకూ చెబుతున్నాను. దీనికి పైసా ఖర్చు లేదు.

స్టోరీవీవర్ అని ఒక వెబ్‌సైట్ ఉంది. బెంగళూరులోని ప్రథమ్ బుక్స్ అనే లాభాపేక్ష లేని ప్రచురణ సంస్థ 2015లో మొదలుపెట్టింది. గూగుల్‌లో ఆ పేరు కొడితే వస్తుంది. అందులో పిల్లల బొమ్మల కథలు చాలా భాషల్లో ఉన్నాయి, తెలుగులోనూ బోలెడు ఉన్నాయి. కథలు నాలుగు లెవెల్స్‌గా విడదీసి ఉంటాయి. మొదటి లెవెల్‌లో పేజీకి ఒకటి రెండు వాక్యాలే, నాలుగో లెవెల్ బాగా చదవగలిగే పిల్లలకి. తరగతిని చూసి లెవెల్ పెట్టకండి. నాలుగో తరగతి పాపకైనా ఇంగ్లిష్‌లో మొదటి లెవెల్‌తోనే మొదలుపెట్టండి, నామోషీ ఏమీ లేదు. డౌన్‌లోడ్ చేసుకోవడానికి ఈమెయిల్‌తో ఖాతా అడగొచ్చు, డబ్బులు మాత్రం అడగరు. ఆ కథలు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉంటాయి. అంటే రాసినవాళ్ల పేరు, బొమ్మలు వేసినవాళ్ల పేరు అలాగే ఉంచి మనం ప్రింటు తీసుకోవచ్చు, పంచుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

నాకు అందులో అన్నిటికంటే నచ్చింది వేరే ఉంది. ఒకే కథ, అవే బొమ్మలతో, తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ దొరుకుతుంది. ఇంగ్లిష్ రాని అమ్మకి ఇది ఎంత ఉపయోగమో ఆలోచించండి. మొదటి రోజు మీరు తెలుగు కథ చదివి వినిపించండి. రెండో రోజు పిల్లల చేత అదే తెలుగు కథ చదివించండి. మూడో రోజు అదే కథ ఇంగ్లిష్‌లో వాళ్లు చదివి, పేజీ పేజీకి ఆగి మీకు తెలుగులో చెప్పాలి. కథ మీకు ముందే తెలుసు కాబట్టి వాళ్లు సొంతంగా అల్లి చెబితే ఇట్టే తెలిసిపోతుంది. ఇంగ్లిష్ ఒక్క ముక్క రాకపోయినా, చదివింది అర్థమైందో లేదో మీరు పట్టుకోగలరు. ఆ వేల రూపాయల యాప్ చేయలేని పని ఇదే. అది చప్పట్లు కొడుతుంది గానీ, ‘అయితే ఆ కోతి ఎందుకు ఏడ్చింది?’ అని అడగదు.

ఒక మాట. ఆ కథల్లో కొన్ని తెలుగు అనువాదాలు బిగుసుకుపోయి ఉంటాయి. ఎవరైనా అనువదించే వీలుంది కాబట్టి అన్నీ ఒకే తీరుగా ఉండవు. అలాంటి వాక్యం వస్తే మన ఊళ్లో ఎలా అంటామో అలా మార్చి చదవండి. పిల్లలు ‘అమ్మా, పుస్తకంలో అలా లేదు’ అని పట్టుకుంటే అంతకన్నా ఏం కావాలి, చదువుతున్నారన్నమాట!

గూగుల్ వాళ్ల రీడ్ ఎలాంగ్ గురించి కొందరు అడిగారు. 2019లో మన దేశంలోనే ‘బోలో’ అనే పేరుతో హిందీ, ఇంగ్లిష్‌లతో మొదలైంది, తర్వాత తెలుగు కూడా చేరింది, పేరూ మారింది. పిల్లలు పైకి చదువుతుంటే అది వింటుంది, తప్పు పలికిన మాటని చూపిస్తుంది. పైకి చదవడానికి సిగ్గుపడే పిల్లలకి బాగుంటుంది. కానీ దాని పని పలకడం వరకే, అర్థం సంగతి మళ్లీ మీదే. ఇంగ్లిష్ వినడానికైతే బ్రిటిష్ కౌన్సిల్ వాళ్ల లెర్న్‌ఇంగ్లిష్ కిడ్స్‌లో చిన్న చిన్న కథలు, పాటలు ఉచితంగానే ఉన్నాయి.

ఇంకొకటి చెబితే మీలో కొందరికి నచ్చకపోవచ్చు. మన రాష్ట్ర ప్రభుత్వ బడుల్లో 2020-21 నుంచి ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఇస్తున్నారు. ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో. వాటి పీడీఎఫ్‌లు ఎస్‌సీఈఆర్‌టీ వెబ్‌సైట్‌లో ఎవరైనా తీసుకోవచ్చు. ‘గవర్నమెంటు పుస్తకాలు మాకెందుకు’ అనుకోకండి. సైన్స్, సోషల్ పాఠాల్లో మన పిల్లలకి అడ్డం పడేది సబ్జెక్టు కాదు, ఇంగ్లిష్ మాటలే. ఎదురు పేజీలో తెలుగు ఉంటే మీరు పక్కన కూర్చుని చెప్పగలరు. మన సిలబస్‌తో పాఠాలు అచ్చంగా కలవవు, అయినా మొక్కలు, నీళ్లు, మన రాష్ట్రం ఎక్కడైనా అవే కదా.

తాతయ్యలు, నాయనమ్మలు ఉన్న ఇళ్లకి చందమామ గుర్తు చేస్తాను. 1947 జులైలో మొదలై, ఆగిపోయి పదేళ్లు దాటింది. పాత సంచికల స్కాన్ కాపీలు ఇంటర్‌నెట్ ఆర్కైవ్‌లో కనిపిస్తాయి. ఐదో తరగతి దాటిన పిల్లలకి అది సరిపోయే తెలుగు. తాతయ్యకి ఫోన్‌లో అక్షరాలు కనపడవు, మనవడికి ఆ మాటలు తెలియవు. ఒకరు చదవాలి, ఒకరు అర్థం చెప్పాలి. ఇద్దరికీ తెలియని మాట వస్తే ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లో నిఘంటువు ఉంది. మాట టైప్ చేస్తే పాత నిఘంటువులన్నిట్లో వెతికి చూపిస్తుంది. 1852 నాటి బ్రౌన్ నిఘంటువు కూడా అందులో ఉంది. ఆ బ్రౌన్ దొర మన పాత కృష్ణా జిల్లా మచిలీపట్నంలో కూడా ఉద్యోగం చేసినాయనే. తెలుగు మాటకి ఇంగ్లిష్‌లో అర్థం ఉంటుంది కాబట్టి పిల్లలకి రెండు భాషలూ ఒకేచోట కనబడతాయి. అయితే అది నూట డెబ్భై ఏళ్ల కిందటి ఇంగ్లిష్, కాపీ చేసి హోంవర్క్‌లో రాయకుండా చూడండి. ఒకసారి మా ఆరో తరగతి కుర్రాడు రాశాడు, నేను డిక్షనరీ తీయాల్సి వచ్చింది.

మన గంపలగూడెం చుట్టుపక్కల ఇళ్లలో అమెరికాలో బంధువులున్నవాళ్లు తక్కువేం కాదు. వాళ్లని అడిగి చూడండి. 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడిలో అక్కడి పిల్లలు ఫీజు కట్టి మరీ తెలుగు చదవడం, రాయడం నేర్చుకుంటున్నారు. వాళ్లకి చుట్టూ ఇంగ్లిష్ ఉచితం, తెలుగు కొనుక్కోవాలి. ఇక్కడ మనకి ఉచితంగా వచ్చేదాన్ని మనమే నోరు నొక్కి ఆపుతున్నాం.

ఇక ఫోన్ భయం. ‘కథల కోసం ఫోన్ ఇస్తే ఐదు నిమిషాల్లో యూట్యూబ్‌లో ఉంటాడు మేడమ్’ అంటారు. నిజమే, ఉంటాడు. మా తమ్ముడి కొడుకూ అంతే. అందుకే ఫోన్ పిల్లల చేతికి ఇవ్వకండి. వారానికి ఒకసారి మీరు కూర్చుని రెండు కథలు డౌన్‌లోడ్ చేసుకోండి. చదివేటప్పుడు ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ఫోన్ మీరే పట్టుకోండి. పిల్లలు మీ పక్కన కూర్చుని చూడాలి. సిగ్నల్ సరిగ్గా రాని ఊళ్లకి కూడా ఇదే దారి. రోజుకి పావుగంట చాలు. మిరప కోతల రోజుల్లో పావుగంట కూడా దొరకదని తెలుసు, ఆ నెలల్లో ఆదివారం ఒక్కరోజు చదివినా ఫర్వాలేదు, మొత్తానికి వదిలేయకండి.

పిల్లలు ఎక్కడున్నారో తెలుసుకోవాలంటే మా గ్రేడ్ల మీద మాత్రమే ఆధారపడకండి. (ప్రిన్సిపల్ గారు ఈ వాక్యం ఉంచితే ఆయనకి థాంక్స్.) ప్రథమ్ సంస్థ 2005 నుంచి అసర్ అనే సర్వే చేస్తోంది. అందులో వాడే చదువు పరీక్ష కాగితాలు తెలుగులోనూ ఉచితంగా దొరుకుతాయి. ఒక పేజీలో అక్షరాలు, మాటలు, ఒకటో తరగతి స్థాయి చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ ఉంటాయి. పది నిమిషాల్లో మీరే ఇంట్లో చేయించొచ్చు. మా క్లాసులో కొందరు మంచి గ్రేడ్లున్న పిల్లలు తెలుగు కథ దగ్గర ఆగిపోయారు. వాళ్లని తిట్టకండి, కొట్టకండి, ఎక్కడ ఆగారో అక్కడి నుంచి మొదలుపెట్టండి.

ఆ నాలుగో తరగతి పాప ఇప్పటికి ఆరు కథలు చదివింది. అద్భుతాలేం జరగలేదు. చదివే వేగం తగ్గింది, ఇదివరకటిలా గడగడా చదవడం లేదు. వాళ్లమ్మ కంగారుపడి ఫోన్ చేశారు. ‘మధ్యలో ఆగి ఏదో ఆలోచిస్తోంది మేడమ్, వెనక్కి పోతోందా?’ అన్నారు. ‘ఆగనివ్వండమ్మా’ అన్నాను. పోయిన వారం క్లాసులో నేను అడగకుండానే చెయ్యెత్తి, ‘టీచర్, ఈ పాఠంలో తాత అబద్ధం చెప్తున్నాడు కదా?’ అంది. నిజంగానే చెబుతున్నాడు. ఆ పాఠం నేను మూడేళ్లుగా చెబుతున్నాను, ఏ పిల్లలూ ఇంతవరకు ఆ ప్రశ్న అడగలేదు. టర్మ్ ఎగ్జామ్‌లో ఆ పాపకి ఏ1 వస్తుందో లేదో చెప్పలేను. ఈసారి గ్రేడు తగ్గినా వాళ్లమ్మకి పక్కన కూర్చోబెట్టి వివరిస్తాను.

వచ్చే పీటీఎంకి ఫోన్‌లో కొంచెం ఖాళీ ఉంచుకుని రండి. మీ పిల్లల లెవెల్ చూసి రెండు తెలుగు కథలు, వాటి ఇంగ్లిష్ జంట కథలు నేనే డౌన్‌లోడ్ చేసి పెడతాను. ఫోన్‌లో వద్దనుకునేవాళ్లు జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకోవచ్చు. కలర్ ప్రింటు అక్కర్లేదు, బ్లాక్ అండ్ వైట్ చాలు. రంగులు పిల్లలే వేసుకుంటారు.