సాక్షికి ఒకే గండం

మా కూర్మన్నపాలెం కుర్రాడొకడు హత్యకేసులో సాక్షి. "ప్లీడరుగారూ, కింది కోర్టులో కూడా నన్ను నిలదీస్తారాండీ?" అన్నాడు.

"ఆ రోజులు పోయాయి బాబూ!" అన్నాను. 1898 నాటి కోడు ప్రకారం మొదట మేజిస్ట్రేటు ఎదుట సాక్ష్యం, క్రాసు. మళ్ళీ సెషన్సులో అదే భాగోతం. రెండు చోట్లా మాట పొంతన కుదరకపోతే సాక్షి పని సరి! 1974 ఏప్రిల్ 1న అమలుకొచ్చిన కోడు ఆ ముందు విచారణను ఎత్తేసింది. 2024 జూలై 1న వచ్చిన నాగరిక్ సురక్షా సంహితదీ అదే దారి. మేజిస్ట్రేటు కాగితాలు చూసి కేసు పైకి పంపుతాడు.

సాక్షికి సుఖమే. మరి ముద్దాయికో? అబద్ధం కింది కోర్టులోనే బయటపడితే అమాయకుడు అప్పుడే ఇల్లు చేరేవాడు. ఇప్పుడు పోలీసులు రాసిన వాఙ్మూలాల నకళ్ళు పట్టుకుని, క్రాసుకోసం సెషన్సుదాకా ఆగాలి.

"చూసింది చూసినట్టే గుర్తుంచుకో బాబూ," అన్నాను, "ఒకడి ప్రాణం నీ జ్ఞాపకంమీద ఉంది."