తూర్పు హైదరాబాద్‌కు పెద్ద దుకాణాలు: మా ప్రణాళిక

మేము ఉప్పల్, నాగోల్, రామంతాపూర్, బోడుప్పల్ కాలనీ సంఘాల వాళ్లం. మా వైపు మంచి దుకాణాలు రావాలని అడుగుతున్నాం. అడగడానికి మాకేం మొహమాటం లేదు. పట్టుచీరలకు, బంగారానికి కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్ చాలు. కానీ నాణ్యమైన ఫర్నిచర్‌కో, పిల్లలు గంటసేపు కూర్చుని పేజీలు తిప్పే పుస్తకాల షాపుకో, పెద్దవాళ్లతో తీరిగ్గా భోంచేసే చోటుకో ఆదివారం పూట నగరం ఆ చివరికి పోవాల్సి వస్తోంది.

2009లో ఇనార్బిట్ మాల్ మాదాపూర్‌లో వెలిసింది. 2018లో దేశంలోనే మొదటి ఐకియా ఫర్నిచర్ దుకాణాన్ని హైటెక్ సిటీ పక్కన తెరిచారు. 2023లో లులు మాల్ కూకట్‌పల్లిని ఎంచుకుంది. అన్నీ పడమరే. వాళ్లను తప్పుపట్టం. జీతాలు పడే చోటే గల్లాపెట్టె పెడతారు. అయితే ఆ జీతగాళ్లలో పొద్దున్నే నాగోల్‌లో మెట్రో ఎక్కేవాళ్లూ ఉన్నారు. 2019 నుంచి ఆ రైలు రాయదుర్గం దాకా పోతోంది. మా కొనుగోళ్లు అక్కడి లెక్కలోకి పోతున్నాయి, ఇక్కడ మాత్రం కొనేవాళ్లు లేరంటారు. అందుకే మొదటి పనిగా లెక్క మేమే తీస్తాం. ఏ కాలనీలో ఎన్ని కుటుంబాలు, ఏం కొనడానికి ఎక్కడిదాకా పోతున్నాయో పేర్లు లేకుండా రాసి, స్థలం చూడటానికి వచ్చిన ప్రతి కంపెనీ చేతిలో పెడతాం.

చోటు లేదన్న మాట చెల్లదు. ఉప్పల్ భగాయత్‌లో హెచ్‌ఎండీఏ లేఅవుట్ వేసి 2019లో ప్లాట్లు వేలం వేసింది. మెట్రో దగ్గర్లోనే ఉంది. మూసీ కూడా అంతే దగ్గర్లో ఉంది, అసలు పేచీ అక్కడే. 2020 అక్టోబరులో ఘట్‌కేసర్ దగ్గరి సింగపూర్ టౌన్‌షిప్‌లో ఒక్క రోజులో 32 సెంటీమీటర్ల వాన పడింది. చుట్టుపక్కల కాలనీలు నీట మునిగాయి. రెండు మూడు సెల్లార్లు తవ్వి, నాలాకు అడ్డంగా గోడ కట్టి, వాననీళ్లను మా ఇళ్ల మీదికి తోసే మాల్ ఎంత పేరున్నదైనా మాకొద్దు. చెరువు పూర్తి నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) ఎక్కడిదాకా, బఫర్ ఎక్కడిదాకా, నీళ్లు ఎటు పోతాయి? ముందు ఇవి గీసి చూపించాలి. ఎస్కలేటర్ల ముచ్చట తర్వాత.

ఆస్తిపన్ను తగ్గించమనో, నిబంధనలు సడలించమనో ఎవరి తరఫునా సిఫారసు చేయం. రాయితీ చూసి వచ్చినవాడు అది అయిపోగానే సామాను సర్దుకుంటాడు. మేం అధికారుల వెంటపడేది దారుల కోసం. ఉప్పల్ చౌరస్తాలో 2023లో స్కైవాక్ తెరిచారు, సంతోషం. దిగినవాళ్లు నడవడానికి ఫుట్‌పాత్ కూడా కావాలి కదా! ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్‌కు 2018లో శంకుస్థాపన చేశారు. పని ఏళ్లకేళ్లు సాగింది. ఆ దుమ్ములో బేరాల్లేక షటర్లు దించుకున్న వ్యాపారులు మా ఇరుగుపొరుగే. రోడ్డు ఎప్పుడు పూర్తవుతుందో ఎవరూ చెప్పలేని చోట ఏ కంపెనీ అయినా ఏ ధైర్యంతో డబ్బు పెడుతుంది?

మాల్ వస్తోందని తోపుడు బండ్లను లేపితే ఊరుకోం. 2014 వీధి వ్యాపారుల చట్టం టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం చోటు వీధి వ్యాపారుల ప్రతినిధులకే ఇచ్చింది. ఆ కమిటీలో మాట్లాడకుండా ఒక్క బండీ కదలకూడదు. మాల్‌లో ఖరీదైన కాఫీ తాగినవాళ్లు బయటికొచ్చి మిర్చి బజ్జీలు తింటారు, మేమూ తింటాం. రోడ్డు వైపు గుడ్డి గోడ కట్టొద్దు. కింది అంతస్తులో వీధిలోకి తెరుచుకునే చిన్న షటర్లు కొన్ని ఉండాలి, వాటిలో స్థానిక వ్యాపారులకు వాటా ఉండాలి. మొదటి అరగంట పార్కింగ్ ఉచితమని 2018లో ప్రభుత్వమే ఉత్తర్వు ఇచ్చింది, దాన్ని గేటు దగ్గర తెలుగులో రాసిపెడితే చాలు.

ఈ దుకాణాల్లో పనికి చేరబోయేది ఎక్కువగా మా కాలనీల పిల్లలే. పొద్దస్తమానం నిలబడి బట్టలు మడతపెట్టే అమ్మాయికి కూర్చునే హక్కు ఉండాలి. కేరళ 2018లో, తమిళనాడు 2021లో దీన్ని చట్టంలో చేర్చాయి. ఇక్కడ చట్టం వచ్చేదాకా ఆగం. కౌంటర్ వెనక స్టూలు వేయని షాపులో మా సంఘాల సభ్యులు కొనరు.