మెలకువ వేళ మాతృభాష

“షాక్ ట్రీట్‌మెంట్” అనగానే మనవారి కళ్లముందు మెదిలేవి పాత సినిమాలలోని కేకలు, కట్లు మాత్రమే. 1938లో రోమ్ నగరంలో చెర్లెట్టి, బీని అనే ఇటలీ వైద్యులు తొలిసారి ప్రయోగించిన ఈ విద్యుత్ చికిత్స నేడు ఎంతో మారింది. రోగికి మత్తు ఇచ్చి, కండరాలను సడలించే మందు ఎక్కించి, కొన్ని సెకన్ల విద్యుత్తుతో మెదడులో స్వల్పకాలిక మూర్ఛను కలిగిస్తారు. తీవ్రమైన కుంగుబాటులో, అన్నపానీయాలు సైతం మాని బిగుసుకుపోయే కాటటోనియాలో ఇది ప్రాణదాత. అయితే తెలుసుకొనవలసిన చిక్కు ఒకటున్నది.

మూర్ఛ తీరిన పిమ్మట కొందరు వెంటనే తెలివిలోనికి రారు. తామెక్కడ ఉన్నదీ తెలియక తికమకపడతారు, అసంబద్ధంగా మాట్లాడతారు, సూదులు పీకివేయబోతారు. మన పెద్దలు సంధి అనే ఈ స్థితినే వైద్యులు డెలీరియం అంటారు. సాధారణంగా గంటలోపే తగ్గుతుంది. వృద్ధులలో, మతిమరుపు వ్యాధి లేక పార్కిన్సన్ వ్యాధి ఉన్నవారిలో, లిథియం వాడేవారిలో, తలకు రెండు వైపులా ఎలక్ట్రోడులు అమర్చినప్పుడు దీని అవకాశం హెచ్చు. ఎడతెగకపోతే, పైకి కనిపించని మూర్ఛ లోపల సాగుతున్నదేమో ఇ.ఇ.జి.తో చూడాలి. ఎలక్ట్రోడులను కుడివైపునకే పరిమితం చేయడం, చికిత్సల నడుమ వ్యవధి పెంచడం వంటి ఉపాయాలున్నాయి.

ఇక అమెరికాలోని మన కుటుంబాలు ఆలోచింపవలసిన సంగతి. తెలివి వచ్చినదా అని తేల్చేందుకు నర్సు అడిగేది పేరు, స్థలం, తేదీ, అడిగేది ఇంగ్లీషులో. ఆ భాష అంతంతమాత్రంగా వచ్చిన తల్లి బదులు చెప్పకపోతే అది సంధియా, భాష తెలియకపోవడమా? ఆమె తెలుగులో గొణిగినది ప్రలాపమా, మంచినీళ్లు అడగడమా? పొరబడితే లేని సంధికి మత్తుమందు పడవచ్చు; ఉన్న సంధి మరుగున పడవచ్చు.

కనుక చికిత్సకు ముందే ఆమె జ్ఞాపకశక్తిని తెలుగులో పరీక్షింపజేయాలి. మెలకువ వేళ తెలుగు మాట్లాడే ఆప్తులు ఒకరు దగ్గర ఉండేందుకు అనుమతి కోరాలి. సమ్మతి పత్రం విషయంలో బిడ్డలే దుబాసీలు కారాదు. ప్రేమకొద్దీ చేదు మాటను వారు మింగివేస్తారు. ప్రభుత్వ నిధులు పొందే ఆసుపత్రులు భాషాసహాయం అందించాలన్న బాధ్యతకు 1964 పౌరహక్కుల చట్టమే పునాది. తెలుగు దుబాసీ వస్తే గుట్టు రట్టవుతుందని అనేకులు జంకుతారు. గోప్యత దుబాసీ వృత్తిధర్మం. టెలిఫోనులో పలికే దుబాసీకి మన ఊరితో సంబంధమే ఉండకపోవచ్చు.

పరువు కోసం పాటించే మౌనానికి మూల్యం చెల్లించేది రోగి. ఆ మౌనం వీడడమే ఈ చికిత్సలో కుటుంబం వంతు.