వయసు మీరిన పిదప చదువు, ఉద్యోగము

పిల్లలు పెద్దవారైన పిదపనో, ఇంటి యాదాయము చాలనప్పుడో, భర్తను గోల్పోయి సంసారభారము మీద బడినప్పుడో ఉద్యోగము వెదకుకొనవలసి వచ్చిన సోదరీమణులు మనలో ననేకులు గలరు. వారిలో పెక్కండ్రు పదవ తరగతి ముగియకముందే బడి మానినవారు. ఇరువదియేండ్లు ఇల్లు నడపిన నేర్పు వారికి గలదు. కాని ఆ నేర్పును వ్రాయుటకు దరఖాస్తులో గడి యుండదు. చదువెంతవఱకను మొదటి ప్రశ్నకడనే వారు వెనుదిరుగుచున్నారు. ఈ నెల నా ప్రశ్ననుగూర్చియే ముచ్చటింపదలచితిమి.

ఈ చిక్కు క్రొత్తది కాదు. దీనికి మార్గము జూపినవారిలో మన తెలుగు వనిత శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ అగ్రగణ్యురాలు. 1909లో రాజమహేంద్రవరమున జన్మించిన యామె బాల్యముననే బడి విడిచెను. జాతీయోద్యమమున చెరసాల కేగి వచ్చిన పిదప కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షయం దుత్తీర్ణురాలయ్యెను. ముప్పది దాటిన పిదప, 1942లో, న్యాయశాస్త్ర పట్టము నందెను. 1937లో చెన్నపట్టణమున నామె స్థాపించిన ఆంధ్ర మహిళా సభ, తెలుగు బాలికలను ఆ మెట్రిక్యులేషను పరీక్షకే సిద్ధపఱచెను.

1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడగా నామె ప్రథమాధ్యక్షురాలయ్యెను. నాడు గ్రామసేవకు చదువుకొన్న స్త్రీలు దొరకకుండిరి. పని కోరు స్త్రీలకు తగిన చదువు లేకుండెను. ఈ రెండు కొఱతలును ఒక్కసారిగ దీర్పవలెనని బోర్డు 1958లో వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యాక్రమములను ప్రారంభించెను. ఏండ్ల తరబడి సాగు పాఠములను కొలది కాలముననే ముగించి స్త్రీలను పరీక్షలకు బంపుట వాని పద్ధతి.

నేడు మన రెండు తెలుగు రాష్ట్రములందును సార్వత్రిక విద్యాపీఠములు గలవు. ఓపెన్ స్కూలని జనులు వ్యవహరించున దిదియే. పదునాలుగేండ్లు నిండిన వారెవరైనను పదవ తరగతిలో జేరవచ్చును. ఇంత వయసు దాటరాదను నియమము లేదు. పాఠములు తెలుగుననే చదువవచ్చును. పరీక్షలన్నియు నొక్కసారి వ్రాయనక్కఱలేదు. ఉత్తీర్ణమైన విషయముల మార్కులు నిలిచియుండును; మిగిలినవి తరువాత వ్రాసికొనవచ్చును.

ఐనను రెండు సంగతులు ముందే యెఱుగవలెను. పరీక్షకు వయోపరిమితి లేకున్నను, ప్రభుత్వోద్యోగములలో పెక్కింటికి గలదు. కావున కోరిన యుద్యోగపు ప్రకటనను జదివి, చదువు ముగియునాటికి తమ వయ సెంతయగునో లెక్కించుకొని, పిమ్మట చేరుట మంచిది. రెండవది పేరు. పుట్టినింటి పేరొక పత్రమునను, మెట్టినింటి పేరొక పత్రమునను ఉన్నచో ఉద్యోగము వచ్చువేళ చిక్కు గలుగును. చేరుటకు ముందే పేరును, జన్మదినమును అన్ని పత్రములందు నొక్కరీతిగ నుండునట్లు సరిచేయించుకొనవలెను.

పదవ తరగతి పత్రము వచ్చినంతనే ఉద్యోగము రాదు. కాని అది లేనిదే శిక్షణములలోను, ఉద్యోగములలోను అనేకములకు దరఖాస్తు పెట్టుటకే వీలులేదు. అందుచే మొదట సంపాదింపవలసినది ఆ యొక్క పత్రమే.

ఇక నింటివారితో నొక మాట. నడివయసు స్త్రీ చదువునకు లెక్కలకంటెను, ఇంగ్లీషుకంటెను పెద్ద యడ్డంకి తీరిక లేమియే. కుమారునికి పరీక్షలు వచ్చినచో ఇల్లంతయు నడుగుల చప్పుడు లేక మెలగును. వేళకు కాఫీ యందించును. తల్లికి పరీక్షలు వచ్చినప్పుడు మాత్రము వంటపని యొకపూటయైన తగ్గదు. దినమునకు రెండు గంటలు ఆమెవిగా విడిచి, ఆ వేళ పొయ్యి బాధ్యతను మఱియొకరు వహింపుడు. ఊరి ఉన్నత పాఠశాలలో విచారించినచో సమీపమునందలి ఓపెన్ స్కూలు కేంద్రము తెలియగలదు. ఆ విచారణకు ఆమె వెంట ఇంటివా రొకరు పోయిరి యేని ఆమెకు సగము జంకు తీరును.