అమ్మ సంపాదన ‘పిన్ మనీ’యా?

మా పక్కింటి అమ్మాయి ఇంటర్వ్యూలకు తయారవుతోంది. మొన్న నోటుబుక్కు పట్టుకొచ్చి, తన గురించి రాసుకున్న పేరా చదివి వినిపించింది. అందులో ‘మా అమ్మ పిన్ మనీ సంపాదిస్తుంది’ అని ఉంది. డబ్బు మీద ఇంగ్లీషు జాతీయాల జాబితాలో దొరికిందట. ఆడవాళ్ళు సంపాదించుకునే చిన్న మొత్తం అని అర్థం రాశారట. సరిగ్గా సరిపోయిందని మురిసిపోతోంది.

అర్థం తప్పు కాదు. కానీ మాటకు అర్థమొకటీ, వాసన ఒకటీ ఉంటాయి. ఒకప్పుడు ఇంగ్లండులో కలవారి భార్యలకు బట్టలకీ, సొంత ఖర్చులకీ భర్త విడిగా ఇచ్చే సొమ్ముని పిన్ మనీ అనేవారు. తర్వాత అదే ఆడవాళ్ళు పైఖర్చులకు సంపాదించుకునే డబ్బయింది. అంటే, అది లేకపోయినా ఇల్లు గడుస్తుందని!

ఈ పిల్ల తల్లి మిరప సీజన్లో తొడిమలు తీసే పనికెళ్తుంది. మిగతా రోజుల్లో జాకెట్లు కుడుతుంది. పత్తి రేటు పడిపోయిన ఏడాది కాలేజీ ఫీజు కట్టింది ఆ డబ్బుతోనే. మా మార్టూరులో ఇలాంటి ఇళ్ళు ఎన్ని లేవు? మిషను ఆగితే సరుకులు రావు. అది పిన్నీసుల డబ్బు ఎలా అవుతుందండీ?

ఒక్క ఇంగ్లీషునే అనడమెందుకు లెండి. ‘వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు’ అని మనమూ అంటూనే ఉంటాం. నా జీతాన్నీ మా ఇంట్లో అలాగే అనేవారు. ఏవి వేణ్ణీళ్ళో ఏవి చన్నీళ్ళో తేల్చిందెవరో మరి!

మా బంధువొకావిడ పెళ్ళిసంబంధం చెబుతూ ‘వాళ్ళు ఫిల్తీ రిచ్’ అంది గొప్పగా. ఈసడింపు కలిసిన మాట అది. ‘చీప్’ కూడా అంతే. మనకది చవక, వాళ్ళకు నాసిరకం, పిసినారితనం కూడా. కానుక ఇస్తూ చీప్‌గా దొరికిందంటే పుచ్చుకునేవాళ్ళ మొహం మాడదూ?

మన మాట అటు పంపడమూ తేలిక కాదు. కూతురికి పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలాన్ని ఇంగ్లీషులో ఒక్క ముక్కలో చెప్పండి చూద్దాం. కోర్టు తీర్పుల్లోనూ ఇంగ్లీషు వాక్యం మధ్యలో ఆ మాటను అలాగే ఉంచేస్తారు.

ఆ అమ్మాయిచేత పిన్ మనీ కొట్టేయించి, ‘మా అమ్మ సంపాదనతో చదువుకున్నాను’ అని రాయించాను.

“ఇందులో జాతీయం ఏదీ లేదేంటి ఆంటీ?” అంది నిరుత్సాహంగా.