గొట్టం కాదు, నత్తే

పోయిన వారం జువాలజీ స్నేహితురాలు వాళ్ల మ్యూజియంలో ఒక తెల్లటి గొట్టం చూపించింది. సుద్దముక్కేమో అనుకున్నాను. "బాగా చూడవే, నత్త" అంది. నిజమే, ఒక కొసన చిన్న చుట్ట ఉంది, మామూలు నత్తగుల్లలాగే. దాని పేరు మాగిలస్.

ఎర్రసముద్రంలో, హిందూ మహాసముద్రంలో ఈ నత్త పగడంలో కాపురం పెడుతుంది. పిల్లగా ఉన్నప్పుడు గుల్ల చక్కగా చుట్టలు తిరుగుతుంది. చిక్కేమిటంటే పగడం ఊరుకోదు, చుట్టూ పెరుగుతూనే ఉంటుంది. చుట్టలు తిప్పుకుంటూ కూర్చుంటే నత్తకి లోపలే సమాధి. అందుకని తిరగడం మానేసి గుల్లని గొట్టంలా బయటివైపుకి పొడిగిస్తుంది. పగడం ఎంత పెరిగితే తానూ అంత. ఒళ్లు ఎప్పుడూ గొట్టం మూతి దగ్గరే. వదిలివచ్చిన వెనక భాగాన్ని సున్నంతో గట్టిగా నింపేస్తుంది. మొదటి చుట్టలు మాత్రం అడుగున అలాగే ఉంటాయి. లమార్క్ అంతటివాడు దీన్ని గొట్టాలు కట్టుకునే పురుగుల వరసలో పెట్టాడు!

ఇదంతా ఇక్కడ ఎందుకంటే, పోయిన సంచికలో నేను రాసిన "అప్పరం" అన్న మాటని మేడంగారు కొట్టేసి "తరువాత" అని దిద్దారు. మేము తమిళనాడుకి ఎప్పుడొచ్చామో మా అవ్వకే తెలీదు. ఇంట్లో అందరం అప్పరమే అంటాం. ఒకసారి బయటినుంచి వచ్చిన అతిథి ఒకరు మా మాట విని "ఇది తెలుగేనా?" అని నవ్వారు కూడా. "నువ్వు తిను, అప్పరం నేను తింటా" అంటుంది మా అవ్వ. ఇందులో తమిళం ఒక్క మాటే కదా? ఆయన గొట్టం చూశారు, చుట్ట చూడలేదు.

మేడంగారి భయం నాకు తెలియనిది కాదు. ఎంటోకాంకా అని ఇంకో నత్త ఉంది. సముద్రదోసకాయ (అదీ జంతువే, కూరకి పనికొచ్చే దోసకాయ కాదు) లోపల చేరి బతుకుతుంది. పిల్లప్పుడు దానికీ గుల్ల ఉంటుంది. పెద్దయ్యాక గుల్లే ఉండదు, ఒట్టి పురుగులా మిగులుతుంది. మా తమ్ముడు ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడతాడు గానీ ఈ గోడ ముందు నిలబెడితే ఒక్క అక్షరం చదవలేడు. నా భయం అక్కడ. అప్పరం దగ్గర కాదు.

కాబట్టి మేడం, నా అక్షరదోషాలు ఎన్నైనా దిద్దండి, "న"కీ "ణ"కీ నాకింకా తడబాటే. ఇంటి మాటల్ని మాత్రం ఉండనివ్వండి. అప్పరం, శనివారం సాయంత్రాలు మన డిపార్ట్‌మెంట్ గది ఇప్పిస్తే, మా తమ్ముడిలాంటి పిల్లలకి ఓనమాలు నేర్పడానికి నేను వస్తాను. ఇంకా ఎవరొస్తారో కింద పేరు రాయండి.